పక్కింటి పిచర్ సగటు

మిచిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా పక్కింటి పెద్దాయన ఒకప్పుడు బేస్‌బాల్ పెద్ద లీగ్‌లో ఆరేళ్లు ఆడాడు. పిచర్, అంటే బంతి విసిరేవాడు. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే చాలు, "లీగ్ మొత్తంలో అధ్వానమైన పిచర్‌ని నేనే" అని నవ్వేసి మాట మార్చేసేవాడు.

మొన్న వేసవిలో ఆయన భార్య మా పెరటి కంచె దగ్గరకు వచ్చింది. "నువ్వు కార్ల కంపెనీలో లెక్కలు చూస్తావు కదా. ఆయన డెబ్బై అయిదో పుట్టినరోజు వస్తోంది. నిజంగా అంత చెత్తగా ఆడాడేమో చూసి చెప్పగలవా?" అంది. తరవాత గొంతు తగ్గించింది. "ఆఖరి ఆటలో జనం ఎగతాళిగా అరిచారు. నలభై ఏళ్లు దాటినా ఆయనకి ఆ అరుపులే వినిపిస్తుంటాయి. చెత్తే అని తేలితే మాత్రం నాకు చెప్పకు."

సరేనన్నాను. నా పని బ్రేకు భాగాల నాణ్యత చూడటం. బేస్‌బాల్ నాకు అంతుపట్టదు. కాలేజీ సెలవులకు ఇంటికొచ్చిన మా అమ్మాయిని అడిగాను.

"అమ్మా, నైన్ ఇన్నింగ్స్‌కి, అంటే ఒక ఫుల్ గేమ్‌కి, యావరేజ్‌గా ఎన్ని రన్స్ ఇచ్చాడో చూడు. తక్కువ ఉంటే గుడ్. దాన్ని ఆ ఇయర్ లీగ్ యావరేజ్‌తో కంపేర్ చేయి" అంది.

శనివారం పొద్దున్నే కూర్చున్నాను. ఆరేళ్ల అంకెలూ ఇంటర్నెట్‌లోనే దొరికాయి. ఆయన ఆరు సగటులూ కూడి ఆరుతో భాగించాను. లీగ్ సగటులనూ అలాగే చేశాను. ఆయనది బాగా ఎక్కువ వచ్చింది. మళ్లీ చేశాను. మళ్లీ అదే. అంటే ఆయన నిజంగానే చెత్తగా ఆడినట్టే.

కిటికీలోంచి చూస్తే ఆయన టమాటా మొక్కలకు నీళ్లు పడుతున్నాడు. మేము ఈ ఇంట్లో దిగిన మొదటి చలికాలం, మావారు ఊళ్లో లేని రోజున, అడక్కుండానే ఇంటి ముందు మా డ్రైవ్‌వే మీద మంచు అంతా ఎత్తిపోసిన మనిషి. ఆవిడకి ఏ అబద్ధం చెప్పాలా అని ఆలోచించడం మొదలుపెట్టాను.

అమ్మాయి కాఫీ కప్పుతో వచ్చి నా వెనక నిలబడింది.

"అమ్మా, నువ్వు యావరేజ్‌లకి యావరేజ్ తీశావా?"

"తీస్తే ఏమయింది?"

"లాస్ట్ సీజన్‌లో ఆయన నాలుగు గేమ్సే ఆడాడు, అదీ చాలా బ్యాడ్‌గా. మిగతా ఇయర్స్ అన్నీ ఫుల్‌గా ఆడాడు. అన్నిటికీ సేమ్ వెయిట్ ఎలా ఇస్తావు?"

ఆఫీసులో ఇదే తప్పు చేసినవాళ్లకు ఎన్నిసార్లు క్లాసు పీకానో!

ఈసారి ఇద్దరం కలిసి చేశాం. ఆరేళ్లలో ఆయన ఖాతాలో పడ్డ పరుగులన్నీ కూడి, వేసిన ఇన్నింగ్స్ అన్నిటి మీద సగటు కట్టాం. లీగ్ సగటును కూడా ఏ ఏడు ఆయన ఎంత ఆడాడో ఆ మేరకే కలుపుకున్నాం. ఆయన లీగ్ కంటే మెరుగని తేలింది. కొంచెమే, కానీ మెరుగే. ఆ లెక్కంతా ఏడాదికో వరస చొప్పున ఒక కాగితం మీద రాశాను.

పుట్టినరోజున ఆ కాగితం ఆయన చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"నన్ను సంతోషపెట్టడానికి రాసింది కాదు కదా?"

"ఆఖరి ఏడాది కూడా రాశాను, చూడండి. అది మాత్రం నిజంగానే చెత్త."

పెద్దగా నవ్వాడు. ఆ వరస మీద వేలు పెట్టి, "అప్పుడు నా భుజం పాడైంది. చెబితే జట్టులోంచి తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు" అన్నాడు.

"నాక్కూడా చెప్పలేదే!" అంది ఆవిడ. అని, ఆయన భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

ఆయన మొదటి ఏడాది దగ్గర నుంచి చెప్పుకొచ్చాడు. ఏ ఊళ్లో ఎవరిని అవుట్ చేశాడో, ఏ బంతి ఎలా తిరిగిందో. మేము కేక్ తిని బయల్దేరేసరికి ఆయన ఇంకా రెండో ఏడాదిలోనే ఉన్నాడు.