మోనాల్ తురాయి

ఖిమీరామ్ మా ఊరి అడవి కాపలాదారు. కన్నకొడుకు జ్వరంతో మూలుగుతున్నా గట్టు దిగేవాడు కాదు గానీ, పైన మోనాల్ అనే కొండకోడి పుంజు ఒక పూట కూయకపోతే కాళ్ళరిగేలా వెతికేవాడు. ఊరంతా ఆయన్ని పక్షిరాజని ఎంతో గౌరవంగా పిలిచేది, ఆయన వినేంత దగ్గర్లో ఉంటే.

మా కులూ కొండల్లో టోపీకి మోనాల్ తురాయి లేనివాడు పెళ్ళికొడుకే కాదు. దాన్ని చంపితే జైలని చట్టం వచ్చాక వేట మానేశాం కదా, అదే, పైకి మానేశాం కదా, అందుకని తాతలనాటి తురాయి ఒకటి ఊరంతా అరువు తెచ్చుకుంటాం. చిమ్మటలు తినగా మిగిలిన నాలుగీకలు, పాపం, ఎన్ని తలలెక్కాయో! ఖిమీరామ్ తన కొడుకు లోత్‌రామ్‌కీ అదే పెట్టించాడు. పెళ్ళి కోసం ఉద్యోగంలో చేరాక మొదటిసారి సెలవు కూడా పెట్టాడు.

ఊరేగింపు ఆడపెళ్ళివారి గుమ్మం చేరింది. పెళ్ళికూతురి మేనమామ దబేరామ్ ఆ పాత తురాయి పీకి పారేసి, నిగనిగలాడే కొత్తది గుచ్చాడు. మేం ఈలలేశాం. పక్షుల్ని కాసే ఇంటికి పక్షి ఈకలే కానుక! ఇంతకు మించిన మర్యాద ఉంటుందా?

"ఎక్కడిదిది?" అన్నాడు ఖిమీరామ్.

"మీ గట్టు మీదదే బావగారూ. మీరెలాగూ సెలవులో ఉన్నారు, మిమ్మల్ని ఇబ్బంది పెట్టడమెందుకని నేనే ఉచ్చు వేసుకున్నా," అన్నాడు దబేరామ్ మీసం దువ్వుకుంటూ.

డోళ్ళు ఆగిపోయాయి. ఖిమీరామ్ తురాయి ఊడదీసి రుమాల్లో చుట్టుకున్నాడు. శుభకార్యంలో ఈ రభస ఏమిటని పెద్దలు బతిమాలారు. తంతు ముగిసేదాకా ఆయన ఆగాడు. ముగియగానే, విందు ముట్టకుండా, దబేరామ్ చెయ్యి పట్టుకుని అటవీ ఆఫీసుకు నడిపించుకుపోయాడు.

జామీను మీద వచ్చిన దబేరామ్‌ని దండలేసి, డోళ్ళు కొట్టి తెచ్చుకున్నాం. తప్పు చేసినవాడికి ఆ మాత్రం మర్యాద చెయ్యొద్దూ? ఖిమీరామ్‌కి మాత్రం ఇంట్లో మాట కరువైంది. కొత్త కోడలు ఫుల్లా రొట్టె ముందు పెట్టి మొహం తిప్పుకునేది.

ఒకరోజు నేను అక్కడుండగానే అడిగేసింది. "ఒక్క పిట్ట కోసం మా మేనమామని జైలుకి పంపారు కదా మామగారూ. అడవి నిండా పిట్టలే కదా?"

ఖిమీరామ్ రొట్టె తుంచబోయి ఆగాడు.

"ఆ గట్టున మిగిలిన పుంజు అదొక్కటేనమ్మా. పెట్టలింకా పొద్దున్నే పిలుస్తూ తిరుగుతున్నాయి."