మైకులో మేనకోడలు

ఈ రోజు ఒంగోలులో ప్రభుత్వం వాళ్లు మాకు సన్మానం చేశారు. ట్రాన్స్‌జెండర్ల చరిత్రను, సమాజానికి మేం చేసిన సేవను గుర్తిస్తున్నామన్నారు. వరదలప్పుడు మా వాళ్లతో కలిసి ఊళ్లకు అన్నం వండి పంపినందుకు నన్నూ వేదిక మీదికి పిలిచారు.

శాలువా పట్టుకుని ఎదురొచ్చిన పెద్దమనిషి మా అమ్మ తమ్ముడు. ఇప్పుడు మండలంలో నాయకుడు. చిన్నప్పుడు జుట్టు పెంచుకున్నానని నాకు గుండు గీయించి, మిరప కల్లంలో ఎండలో కట్టేసింది ఈయనే. మర్నాడే నేను ఇల్లు వదిలేశాను.

ఆయన నన్ను గుర్తుపట్టలేదు. శాలువా కప్పుతూ నవ్వాడు.

"ఏ ఊరమ్మా మీది?"

"మీ ఊరే మామయ్యా. మీ అక్క బిడ్డని."

ఆయన చెయ్యి నా భుజం మీదే ఆగిపోయింది. "ఇక్కడొద్దు, తర్వాత మాట్లాడుకుందాం" అని గొణిగాడు.

మైకు తీసి చేత్తో మూసి పట్టుకున్నాను. "నేను మీకేమవుతానో అందరికీ చెప్పండి. లేదంటే కల్లం సంగతి నేను చెప్తా" అన్నాను, ఆయనకు మాత్రమే వినపడేలా. చెయ్యి తీసి మైకు ఆయన నోటి దగ్గర పెట్టాను.

ముందు వరసలో ఆయన మనుషులే వీడియో తీస్తున్నారు. నుదుటి చెమట తుడుచుకుని, "ఈవిడ నా మేనకోడలండీ" అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది.

చప్పట్లు ఆగాక మైకు నా వైపు తిప్పుకుని కల్లం సంగతి కూడా చెప్పేశాను.

ఇన్నేళ్లూ అయిపూ అజా లేని చుట్టాలంతా సాయంత్రం నుంచి ఫోన్లు చేసి, మాట తప్పావంటున్నారు. తప్పాను. మీరైతే ఆగేవారా?