దోమితిల రాటకు చుట్టుకున్న నిచ్చెన

దోమితిలకు కోపం ముక్కు మీద, ఆట కాళ్ళలో. ప్రతి మే నెలా శిలువ పండగకు కుమనా ఊరి నడివీధిలో రాట నిలబెట్టి, దాని కొసకు కట్టిన రంగు రిబ్బన్లతో జడకోలాటం ఆడించేది ఆవిడే. అడుగున రాట పట్టుకునే పని మొగుడిది. ఆయన పోయాక అదీ తనే నెత్తినేసుకుంది. రాట పట్టినవాళ్ళు ఆడడానికి లేదు, వదిలితే పడిపోతుంది. పాపం, పాట మొదలైతే ఆవిడ మడమలు నిలబడ్డ చోటే తాళం వేసేవి.

ఈ ఏడు చేతుల్లో పట్టు తగ్గింది. కొడుకు నికనోర్ బస్సు డ్రైవరు. రాట పట్టరా అంటే ససేమిరా అన్నాడు.

"ముసలమ్మల ఆట నాకెందుకమ్మా? స్టాండులో నవ్విపోతారు."

"నవ్వనీ! నువ్వు పట్టకపోతే వచ్చే ఏడు ఇది పొయ్యిలోకే," అని ఆవిడ గిన్నెలు ఎత్తి పడేసింది. ఆ రోజంతా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

అప్పుడే సైన్సు టీచరు యారిత్స వచ్చింది.

"పెద్దమ్మా, డి.ఎన్.ఎ. అంటే మెలితిరిగిన నిచ్చెన. అటో పోగు, ఇటో పోగు, మధ్యలో మెట్లు. ఆటలో ఒక్కో మెట్టుకి ఇద్దరు పిల్లలు, రంగు గుర్తుతో. పసుపుకి జత ఆకుపచ్చే, ఎరుపుకి జత నీలమే. పండక్కి మీ రాట చుట్టూ పిల్లలతో ఆడిద్దామా?"

"వేరే జత కట్టరా? మా వీధి మగాళ్ళకంటే నయమే!" అంది దోమితిల.

పిల్లలు మెడలో రంగు రుమాళ్ళు కట్టుకుని రెండు వరుసలుగా నిలబడ్డారు. ఆవిడ అలవాటు ఊరుకుంటుందా? ఒక వరుసను కుడికి, ఒక వరుసను ఎడమకు తోలింది. ఒకరు రిబ్బను కిందనుంచి, ఇంకొకరు పైనుంచి. చూస్తుండగానే రాట నిండా చాప అల్లినట్టయింది.

"అల్లకూడదు పెద్దమ్మా! రెండూ ఒకే వైపు మెలితిరగాలి."

"అల్లకుండా తిరిగేది గుంజకు కట్టిన మేక!" అని గొణిగింది. గొణుగుతూనే నేర్పింది, అది వేరే సంగతి.

పండగ నాడు రెండో వరుస పిల్లలంతా అవతలి ఒడ్డున ఉన్న అరాయా నుంచి పడవలో రావాలి. గాలి లేచి పడవ కదల్లేదని కబురొచ్చింది. యారిత్స చర్చి మెట్ల మీద కూలబడింది. ఉన్నట్టుండి లేచి చప్పట్లు కొట్టింది.

"పెద్దమ్మా, ఒక్క వరుస చాలు! మన ఒంట్లోనూ ఇంతే. పోగులు విడిపోతే, ఒక్కో పోగూ చుట్టుపక్కల తిరిగేవాటిలోంచి తన జతను పిలుచుకుంటుంది."

పిలవడం దోమితిలకు ఒకరు నేర్పాలా?

"ఏయ్, నీలం చొక్కా చేపలాయనా! ఈ ఎర్ర రుమాలు ముందుకి రా! వేడివేడిగా ఎంపనాడాలు వేయించి అమ్మే అమ్మీ, నీ ఆకుపచ్చ ఏప్రన్ ఇక్కడ! ఫాదర్‌గారూ, మీ నలుపుకి జత లేదు, తప్పుకోండి!"

వీధి వీధంతా నవ్వుతూ వచ్చి నిలబడింది. చివర్లో మనవరాలు మైగ్వాలిద ఒక్కతే మిగిలింది, మెడలో పసుపు రుమాలుతో.

"నాయనమ్మా, నా ముందెవరూ లేరు."

ఆకుపచ్చ కోసం అందరూ వెతికారు. చివరికి అందరి కళ్ళూ దోమితిల పావడా మీద వాలాయి. ఆవిడ రాటను ఇంకా గట్టిగా పట్టుకుంది.

"నేనెలా వస్తానే? పడిపోతుంది."

నికనోర్ అప్పటిదాకా బస్సుకు ఆనుకుని చూస్తున్నాడు. ఒంటి మీద ఏ మెట్టుకూ పనికిరాని తెల్ల చొక్కా. వచ్చి తల్లి చేతుల కింద తన చేతులు పెట్టాడు.

"వదిలెయ్యమ్మా. నేను పట్టానుగా."

"స్టాండులో నవ్విపోతారేమో రా."

"నవ్వనీ."

ఆవిడ వదిలింది. రాట కదల్లేదు. ఏడుస్తూ, నవ్వుతూ పరుగెత్తి మైగ్వాలిద ముందు నిలబడి చెయ్యి కలిపింది. పాట అందుకున్నారు. నిచ్చెన మెలితిరిగింది.

మొదటి చుట్టు పూర్తవకుండానే కొడుకు మీద కేకలు మొదలెట్టింది: "నిటారుగా పట్టరా! వచ్చే ఏడు కూడా ఇలాగే వంగి నిలబడతావా ఏంటి?"