ఎమ్మిగనూరు దుప్పటికి నేను చేసిన నష్టం

తనకు తెలియనిదేదీ లేదనుకునే వయసు అందరికీ ఒకసారి వస్తుంది. నాకు కాస్త గట్టిగానే వచ్చింది. ఆ రోజుల్లో ఆదోనిలో డిగ్రీ ముగించి, ఎమ్మిగనూరులో మా పెద్దమ్మ ఇంట్లో ఉంటూ, ఒక విదేశీ మ్యూజియం వాళ్ళ దగ్గర దుబాసీగా ఆరు నెలల కాంట్రాక్టు సంపాదించాను. దొరల కాలంలో మా వైపు నుంచి పట్టుకుపోయిన ఒక నూలు దుప్పటిని వాళ్ళు రెండు రోజుల కోసం ఎమ్మిగనూరు తెచ్చారు, ఇక్కడి నేతగాళ్ళకు చూపించి దాని సంగతులు రాసుకుందామని. పెట్టె మీద చీటీలో ‘నేసినవారు: తెలియదు’ అని ఉంది. పని సవ్యంగా జరిగితే నా ఉద్యోగం ఇంకో రెండేళ్ళు పొడిగిస్తామన్నారు. (నేను అప్పటికే విజిటింగ్ కార్డులు కొట్టించేశాను.)

కళ్యాణమండపంలో బల్ల మీద దుప్పటి పరిచారు. గ్లౌజులు లేనిదే ఎవరూ ముట్టకూడదు. ఆ మాట చెప్పే పని నాది, ఆ పనంటే నాకు మహా ఇష్టం. నేతగాళ్ళందరినీ తాడు అవతల నిలబెట్టి ఉపన్యాసం ఎత్తుకున్నాను. జీవితమంతా మగ్గం గుంటలో గడిపిన మా పెద్దమ్మ కాస్త ముందుకు వంగితే, “పెద్దమ్మా, దూరం! చేతి చెమట తగిలినా పాడైపోతుంది” అని అందరి ముందూ కసిరాను.

“మనోళ్ళు నేసిందే గదప్పా, మనం ముట్టుకుంటే ఏమైతాది?”

“అది ఇప్పుడు మనది కాదు” అన్నాను, ఇంగ్లీషు చదివిన గొంతుతో. ఆమె మూతి ముడుచుకుంది.

నేను బల్ల పక్కనే నిలబడి దంచేస్తున్నాను. (చేతులూపుతూ మాట్లాడడానికి అడ్డమని నా గ్లౌజులు ఎప్పుడో జేబులో పెట్టేసుకున్నాను.) ఉన్నట్టుండి మండపమంతా నిశ్శబ్దం. ఉపన్యాసం బాగా ఎక్కిందనుకున్నాను. తీరా చూస్తే, మ్యూజియం నుంచి వచ్చిన మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నా వేళ్ళకేసే చూస్తోంది. నేనూ చూసుకున్నాను. దుప్పటి అంచున తెగి వేలాడుతున్న రెండు పోగుల్ని నా వేళ్ళు, నాలుక మీద తడి చేసుకుని మరీ, మెలిపెట్టి అతికేశాయి! మగ్గాల ఇళ్ళల్లో పిల్లలకు అక్షరాలకంటే ముందు వచ్చే పని అది.

మేడమ్ ఏదో గట్టిగా అంది. దాన్ని తెలుగులో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. పెద్దమ్మే తాడు దాటి వచ్చింది. “ఏందమ్మా, పిల్లోని మీద అట్ల ఎగురుతాండావు? తెగిన పోగు కండ్లబడితే మా సెయ్యి ఊరుకోదు. తిట్టేదుంటే నేర్పిన నన్ను తిట్టు.” తర్వాత నావైపు తిరిగి, “సెప్పురా ఆయమ్మకు, ఉన్నదున్నట్ల” అంది.

తడబడుతూ చెప్పాను. మేడమ్ భూతద్దం తీసి ఆ అతుకును చూసింది, అంచంతా వెతికింది. మూలన ఇంకో అతుకు బయటపడింది, ఎప్పుడో నేసిన నాటిది. అదే మెలి. ఇక పెద్దమ్మను కుర్చీలో కూర్చోబెట్టి సాయంత్రం దాకా అడుగుతూనే ఉన్నారు. నేను నోరుమూసుకుని, ఆమె చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో అప్పగించాను. ఉద్యోగం మాత్రం పొడిగించలేదు. (ఆ కార్డుల వెనక ఇప్పటికీ సరుకుల చీటీలు రాసుకుంటున్నాం.)

మొన్న ఆ మ్యూజియం వెబ్‌సైటులో దుప్పటి కనిపిస్తే పెద్దమ్మకు ఫోనులో చూపించి చదివి వినిపించాను. ‘నేసినవారు: తెలియదు’ అని అలాగే ఉంది. దాని కింద, ‘నష్టం: అంచున రెండు పోగులు, ఎమ్మిగనూరులో’ అని రాసి, పక్కన నా పేరు, ఇంటిపేరుతో సహా.

పెద్దమ్మ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. నవ్వు ఆగాక, “నేసినోని పేరు ఎవురూ రాసుకోల్యా. సెడగొట్టినోని పేరు ఎంత బాగా రాసుకున్నారప్పా!” అంది.

ఆ తలబిరుసు దుబాసీ మీద నాకిప్పుడు కోపం లేదు. మా వాళ్ళల్లో ఒక్కడి పేరైనా ఆ చీటీకి ఎక్కిందంటే, వాడు గ్లౌజులు జేబులో పెట్టుకున్నందుకే.