దూడ ఏమైందండీ?

ఆ రోజుల్లో మా అద్దంకిలో ఎవరు ఏ కవిత రాసినా, ఏ కథ అల్లినా అది ముందుగా నా చెవిన పడాల్సిందే. మీసం కూడా సరిగ్గా కుదురుకోని వయసులో ఊళ్ళోని కవులకూ కథకులకూ ధైర్యం చెప్పే ఉద్యోగం చేశానంటే ఇప్పుడు నాకే నమ్మశక్యంగా ఉండదు. జీతం లేని ఉద్యోగం లెండి. జీతం వచ్చే ఉద్యోగం ప్రాథమిక పాఠశాలలో. రెండో తరగతి పిల్లలకు గుణింతాలు చెప్పేవాణ్ణి. ఆదివారం సాయంత్రం అదే తరగతి గదిలో మా సాహిత్య సభ జరిగేది. పిల్లల కోసం చేయించిన పొట్టి బల్లల మీద పెద్దవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చునేవారు. లోకంలోని కష్టాలన్నీ ఆ భంగిమలోనే వినేవారు. అందులో కొంత మూలుగు కవిత్వానిదో నడుముదో నాకు ఎప్పుడూ తేలలేదు.

మా సభకు ఒక గట్టి నియమం ఉండేది. చదివినవాళ్ళను ముందు మెచ్చుకోవాలి, తర్వాత కూడా మెచ్చుకోవాలి. ఈ నియమం పెట్టింది మా అధ్యక్షులు, రిటైరైన తెలుగు పండితులు. అందరం ఆయన్ని పెద్దమాస్టారు అనేవాళ్ళం. మొదట్లో ఆయన నోరు మహా పదునుగా ఉండేదట. ఒకసారి ప్రభుత్వాసుపత్రి కాంపౌండరు వర్షం మీద గేయం చదివితే, చీకటి పడేదాకా దాన్ని ఉతికి ఆరేశారట. పాపం ఆ కాంపౌండరు మళ్ళీ కలం పట్టలేదు. ఆ తర్వాత పెద్దమాస్టారికి జ్వరం వచ్చి ఇంజెక్షన్లు పడ్డాయి. పొడిచింది ఆ కాంపౌండరే. (ఎలా పొడిచాడో పెద్దమాస్టారు ఎవరికీ చెప్పలేదు గానీ, కొన్ని సభలు నిలబడే నడిపించారని విన్నాను.) మంచం మీద బోర్లా పడుకుని ఆలోచించుకుంటే, ఒక మనిషి చేత రాయడం మాన్పించామే అన్న బాధ ఆయన్ని నిజంగా పట్టుకుంది. అప్పుడే ఈ నియమం పుట్టింది. అందరి తరఫునా స్పందన చెప్పే పని నాకు అప్పగించారు. పలక మీద సున్నా చుట్టడం రాని పిల్లవాడికి కూడా 'గుడ్' అని రాస్తానని ఆయన చెవిన పడిందట.

ఆ పని నేను మహా శ్రద్ధగా చేశాను. కథలో కథ లేకపోతే 'వాతావరణం బాగా వచ్చిందండీ' అనేవాణ్ణి. కవితలో ఏమీ లేకపోతే 'భావం బాగుంది' అనేవాణ్ణి. ఎక్కడో చదివినదాన్నే ఎవరైనా తనదిగా చదివితే 'ఎప్పటినుంచో పరిచయం ఉన్నట్టుగా ఉంది' అనేవాణ్ణి. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఒక్కసారి మాత్రం బోల్తా పడ్డాను. మా హోమియో డాక్టరు గారు రాసే కవితలు ఆయన మందుల్లాగే ఉండేవి. తెల్లగా, గుండ్రంగా, దేనికి పనిచేస్తాయో తెలియకుండా ఉండేవి. ఒకనాడు ఏమనాలో తోచక 'మరోసారి వినాలనిపిస్తోందండీ' అన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మొదటినుంచీ మళ్ళీ చదివారు. సభ ముగిశాక నాతో ఎవరూ మాట్లాడలేదు.

ఆ సభకు దగ్గర పల్లె నుంచి ఒక పత్తి రైతు వచ్చేవాడు. మేం ఆయన్ని పత్తి బాబాయి అనేవాళ్ళం. నల్లరేగడి భూమిలో పత్తి వేసేవాడు, పత్తి మీదే రాసేవాడు. పూత మీద ఒకటి, పిందె మీద ఒకటి, కాయ విచ్చినప్పుడు ఒకటి. చదివేటప్పుడు చేను ఆ చివర ఉన్న మనిషిని పిలుస్తున్నట్టు చదివేవాడు. బడి పక్కన మిర్చి బస్తాల లారీ హారన్ కొట్టినా ఆయన గొంతు ముందు తేలిపోయేది. 'ఎట్టా ఉంది మాస్టారూ?' అని నావైపు తిరిగి నవ్వేవాడు. ఏ మాట చెప్పినా ఆ నవ్వు ఇంకాస్త పెరిగేది. నాకు ఆయనంటే చాలా ఇష్టం.

తర్వాత పత్తికి తెల్లదోమ పట్టిన ఏడాది వచ్చింది. ఆకులు జిగురెక్కి, మసి పూసినట్టు నల్లబడ్డాయి. ఏ మందు కొట్టినా దోమ తగ్గలేదు. బస్సెక్కితే అదే మాట, టీ కొట్టు దగ్గర అదే మాట. పత్తి బాబాయి సభకు రావడం మానేశాడు. చాలా రోజుల తర్వాత ఒక ఆదివారం వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది, కానీ చొక్కా మాత్రం ఉతికి ఇస్త్రీ చేసింది. వరసగా అందరికీ నమస్కారం పెట్టాడు. ఎప్పుడూ చివర చదివేవాడు ఆ రోజు ముందే చదువుతానన్నాడు. ముందుకు వంగి వింటేగానీ గొంతు వినిపించలేదు.

'ఆకు నల్లబడింది, చూశాను.
కాయ విచ్చకుండానే రాలింది, ఏరాను.
దూడ పలుపు విప్పేశాను, ఎటైనా పోనీ.
దొడ్డి తలుపు తీసే ఉంచాను.
చేను ఖాళీ అయింది. ఇక నేనూ.'

అంతే. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను లేచాను. మొదటిసారిగా నా దగ్గర చెప్పడానికి నిజమైన మాటలు ఉన్నాయి. ఆ సంతోషంలో ఉబ్బిపోయాను. "అద్భుతం బాబాయిగారూ! ముఖ్యంగా ముగింపు. ఆ ఒక్క మాట దగ్గర ఆపేయడం ఉంది చూశారూ, అది పెద్ద కవులకు కూడా చేతకాదు. ఇంక ఒక్క అక్షరం కలపక్కర్లేదు" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. హోమియో డాక్టరు గారు అందరికంటే గట్టిగా కొట్టారు.

పత్తి బాబాయి నవ్వలేదు. భుజాలు మాత్రం బరువు దించుకున్నట్టు కిందికి జారాయి. "అయితే ఇంకేం రాయక్కర్లేదంటారు. అయిపోయినట్టేగా మాస్టారూ?" అన్నాడు మెల్లగా.

ఆ అడిగిన తీరు విన్నాక గానీ నాకు అర్థం కాలేదు. ఆయన అడుగుతున్నది కవిత సంగతి కాదు. ఆ ఐదు పంక్తులూ నాకు మళ్ళీ వినిపించాయి. ఈసారి వాటిలో కవిత్వం వినిపించలేదు, ఒక మనిషి తలుపు తీసి పెట్టి వెళ్ళిపోతున్న చప్పుడు వినిపించింది. నేను దానికి చప్పట్లు కొట్టించాను.

ఏం చేయాలో తెలియలేదు. నాకు తెలిసిన పని ఒక్కటే, స్పందన చెప్పడం. "కాలేదండీ. అయిపోలేదు. నేను తప్పుగా చెప్పాను. ముగింపు అస్సలు బాగాలేదు" అన్నాను.

సభ ఉలిక్కిపడింది. పెద్దమాస్టారు "ఏమిటోయ్ ఇది? నియమం మరిచిపోయావా?" అన్నారు. ఆయన చేయి ఆయనకు తెలియకుండానే ఇంజెక్షన్ పొడిచిన చోటికి పోయింది.

నేను ఆగలేదు. "దూడ ఏమైందండీ? పలుపు విప్పేశానన్నారు, మరి ఎటు పోయింది? రోడ్డు మీదికి పోయిందా, పక్కవాళ్ళ మిరపతోటలో పడిందా? చెప్పకుండా ఆపేస్తే చదివేవాడు ఏమనుకోవాలి?"

"ఎటో పోయింది లెండి" అన్నాడు బాబాయి.

"ఎటో అంటే కుదరదు. దూడ లేకపోతే గేదె పాలు ఇస్తుందా? పిన్నిగారు ఊరుకున్నారా? మీ అమ్మాయి ఏడవలేదా? ఆ ఇంట్లో అసలు మనుషులే లేనట్టు రాశారేమిటి?"

బాబాయి మొహం ఎర్రబడింది. "ఏందయ్యా మాస్టారూ, పంతులుగారి అబ్బాయివి. చెంబులోకి వచ్చినాక పాలు చూసినోడివి. గేదె సంగతి నీకేం తెలుసు? పలుపు ఇప్పితే దూడ ఎటో పోద్దా? తిన్నగా తల్లి దగ్గరికి పోయి పొదుగంతా ఖాళీ చేసుద్ది!"

"మరి అది రాయలేదే! పచ్చి అబద్ధం రాసుకొచ్చి ఎటైనా పోనీ అంటారా?"

"అబద్ధమా? నేను అబద్ధం రాస్తానా?" ఆయన లేచి నిలబడ్డాడు. పొట్టి బల్ల వెనక్కి పడింది. గొంతు మళ్ళీ చేను ఆ చివరికి వినిపించేలా పెరిగింది. "వచ్చే ఆదివారం రాసుకొత్తా. దూడ, గేదె, మా ఇంటిది, అందర్నీ రాసుకొత్తా. అప్పుడు మాట్లాడు!"

"తప్పకుండా రావాలి. మీరు రాకపోతే సభే మొదలుపెట్టం" అన్నాను. నా చొక్కా చెమటతో తడిసిపోయింది.

ఆయన మెట్లు దిగుతుండగా పెద్దమాస్టారినీ డాక్టరు గారినీ బోర్డు పక్కకు లాగి నా భయం చెప్పాను. ఇద్దరూ ఒక్క ప్రశ్న వేయలేదు. డాక్టరు గారు మందుల సంచి పట్టుకుని, ఆ పల్లెలో ఎవరినో చూడాలంటూ బాబాయితో పాటు అదే బస్సెక్కారు. దారి పొడుగునా తన కవితలు వినిపించారట. (ఆ కవితలు ఒకరికి ఉపయోగపడ్డాయని నాకు రూఢిగా తెలిసిన సందర్భం ఇదొక్కటే.) బాబాయిని ఇంటి దాకా చేర్చి, పిన్నిగారితో విడిగా మాట్లాడి వచ్చారు.

ఆ వారం పిల్లలకు నేనేం పాఠం చెప్పానో గుర్తులేదు. ఆదివారం దాకా ఆగలేక వారం మధ్యలోనే ఒకరోజు బడి వదలగానే ఆ పల్లెకు వెళ్ళాను. పిన్నిగారు గుమ్మంలోనే కనిపించింది. "దూడ ఏమైందని అడిగింది నువ్వేనా నాయనా? పొద్దున లేచింది మొదలు దాని ఎనకే తిరుగుతున్నాడు. ఎటు చూసుద్ది, ఎప్పుడు అరుసుద్ది అని రాసుకుంటన్నాడు. నిన్న అది కాలు తొక్కింది కూడా" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "నాకూ అనుమానంగానే ఉండింది. మా తమ్ముణ్ణి పిలిపించుకున్నా. మేం ఆయన్ని ఒక్కణ్ణే వదలటం లేదులే." అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు నాకు అక్కడ వచ్చేసింది. ఆవిడ చూడనట్టుగా లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

ఆదివారం పత్తి బాబాయి వచ్చాడు. కాస్త కుంటుతూ వచ్చాడు. దూడ సంగతంతా చదివాడు. నేను విని, దూడ సరే, గేదె ఏమనుకుంది అన్నాను. తర్వాత వారం గేదె వచ్చింది. దాని వెనక బావమరిది, చెరువు, వాడరేవులో ఎండుచేపలు కొనబోయి తప్పిపోయిన మేనత్త వచ్చారు. ఏళ్ళు గడిచాయి. ఆ కావ్యం మాత్రం ముగియలేదు. మధ్యలో పొలంలో పత్తి పోయి శనగ వచ్చింది, శనగ కూడా కావ్యంలోకి వచ్చింది. నిజం చెప్పాలంటే అంత విసుగు పుట్టించే రచన నేను ఇంకోటి వినలేదు. సభ్యులు నన్ను పక్కకు పిలిచి బతిమాలేవారు. "ఏమయ్యా, ఇంక ముగింపు బాగుందని చెప్పవయ్యా, నీకు పుణ్యం ఉంటుంది" అనేవారు. పెద్దమాస్టారు మాత్రం ఒక్కనాడూ అనలేదు. బల్ల మీద మోకాళ్ళు ముడుచుకుని, కళ్ళు మూసుకుని, చివరిదాకా వినేవారు. అయ్యాక "తరవాతేమిటోయ్?" అని అడిగేవారు.

నాకు సింగరాయకొండ వైపు బదిలీ అయింది. చాలాకాలం తర్వాత, నా జుట్టు కూడా నెరిశాక, ఒకసారి పత్తి బాబాయిని చూడ్డానికి వెళ్ళాను. వాకిట్లో నులకమంచం మీద కూర్చోబెట్టుకుని చాలా కబుర్లు చెప్పాడు. ఉన్నట్టుండి, "మాస్టారూ, ఆ రోజు నువ్వు రెండు మాటలన్నావు. ముందు బాగుందన్నావు, ఎనక బాగాలేదన్నావు. ఏది నిజం?" అన్నాడు.

ఇంక దాచడం ఎందుకనిపించింది. "చాలా బాగుంది బాబాయిగారూ. మన సభలో అంత బాగా ఇంకెవరూ రాయలేదు" అన్నాను.

తల ఊపాడు. "మరి దాని తర్వాత రాసిందంతా?"

జీవితమంతా అందరికీ ధైర్యం చెప్పినవాణ్ణి, తల గోక్కున్నాను. ఆయన పడీపడీ నవ్వాడు, దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"చెప్పొద్దులే, నాకు తెలుసు. అదంతా చెత్తేగా. ఆ చెత్త రాసుకుంటానే మా అమ్మాయి పెళ్ళి చేశా. మనవణ్ణి ఎత్తుకుని తిప్పా" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాలో నేను నవ్వుకున్నాను. పొట్టి బల్లల మధ్య నిలబడి, చెమటలు కక్కుతూ, దూడ ఏమైందని కవిని నిలదీస్తున్న ఆ బక్క కుర్రాడు కళ్ళ ముందు కనిపించాడు. వాడికి గేదెల సంగతి తెలియదు, కవిత్వం సంగతీ అంతంత మాత్రమే. జీవితంలో చూసిన ఒకే ఒక్క మంచి కవితను అందరి ముందూ బాగాలేదన్నాడు. పాపం, వాడికి ఆ రోజు బాగా చేశావురా అని చెప్పినవాళ్ళు ఎవరూ లేరు.