తేజీకి పట్టిన కీడు

1949 శ్రావణంలో ఒక సోమవారం, పొద్దున ఏడుంబావుకు, జట్కాకు కట్టిన మా తేజీ ఇక కదలనని నిలబడిపోయింది. ఆ కాలంలో రాయదుర్గంలో పొద్దున వినిపించే చప్పుళ్ళలో మా జట్కాదే పెద్దది. దాంట్లోనే నేను పట్నంలో ఉర్దూ బడికి పోయేదాన్ని. (తేజీ అంటే వేగంగా పరుగెత్తే గుర్రమట. ఆ సంగతి దానికి ఎవరూ చెప్పినట్టు లేదు. నడిచిపోయేవాళ్ళు మమ్మల్ని దాటిపోయి, ముందు ఆగి, కుశలం అడిగేవాళ్ళు.)

చిన్నాయన దాని నోరు తెరిచి చూశాడు. చిగుళ్ళు పసుపు రాసినట్టున్నాయి, ఒళ్ళు కాలిపోతోంది. నాయనమ్మ నా పుస్తకాల సంచి తీసుకుని గోడకున్న మేకుకు తగిలించింది. "గుర్రం బాగైతె బడి. కాకుంటె ఇంట్లుండి రొట్టెలు చెయ్యి" అంది. నా పదేళ్ళ బతుకంతా ఆ మేకుకు వేలాడింది.

మర్నాడు పట్నం నుంచి పశువుల డాక్టరు సైకిలు మీద వచ్చాడు. ఆయనకు ఉర్దూ తప్ప రాదు, నాయనమ్మకు తెలుగు తప్ప రాదు, చిన్నాయనకు రెండూ వచ్చు గాని చెవుడు. నాయనమ్మ నన్ను ముందుకు తోసింది. "మా పిల్ల సదువుకున్నది సాబూ, దానికి చెప్పు."

డాక్టరు చిగుళ్ళు చూసి, చెవుల్లో వెతికి, "ఖూన్ మే కీడే హై" అన్నాడు. రేపు మందు తెస్తానని వెళ్ళిపోయాడు. నేను గొంతు సవరించుకుని తర్జుమా చేశాను. "రక్తంల కీడున్నదంట."

"నాకెప్పుడో తెల్సు" అంది నాయనమ్మ.

ఇంటికి కీడు సోకితే తాళం వేసి, ఊరి బయట వండుకు తిని, దీపాల వేళకు తిరిగి రావాలి. బుధవారం పొద్దున కుండలు, కోళ్ళు, మేము, వెనక తూలుతూ తేజీ, అందరం గుట్టల దగ్గరికి ఊరేగాం. అసలు కీడు దానిదే గనక, తేజీని మోకాలెత్తు పచ్చగడ్డిలో మర్యాదగా కట్టేశాం. నేను బండల మీద ఎక్కి దూకి, ఇంత మంచి కీడు ప్రతి నెలా వస్తే బాగుండునని కూడా అనుకున్నాను. తర్వాత సంచి గుర్తొచ్చి కూర్చున్నాను.

తాళం చూసిన డాక్టరు పొగను బట్టి మా దగ్గరికి వచ్చాడు. "యే క్యా తమాషా హై?" అన్నాడు. కీడు పోవడానికి వచ్చామని ఉర్దూలో వివరించాను. ఆయన తేజీ చెవిలోంచి ఆముదపు గింజంత పిడుదును పీకి నా అరచేతిలో పెట్టాడు. "యే హై కీడా, బేటీ." కీడా అంటే పురుగు. ఈ పిడుదు కుడితే కంటికి కనపడని ఇంకో పురుగు రక్తంలోకి పోతుందట. పిడుదులు ఉండేది గడ్డిలోనట.

మేమంతా గడ్డి వంక చూశాం. తేజీ కూడా చూసింది.

అక్కడే దాని మెడ నరానికి నీలిరంగు మందు సూది వేశాడు. అది ఒక్క గుంజు గుంజేసరికి కుండ పగిలింది, మందులో కొంత నా పావడా మీద చిమ్మింది. నాలుగు రోజులకు జ్వరం దిగింది గాని చిగుళ్ళు నీలంగా మారాయి. "పచ్చ పాయె, నీలమొచ్చె. ఇంకేం రంగులున్నయో అడుగు" అంది నాయనమ్మ. అడిగాను. డాక్టరు సైకిలు పట్టుకుని నవ్వాడు.

డాక్టరు చెవిలో అరిచి చెప్తే విని, నా తప్పు ఆమెకు చిన్నాయనే విప్పి చెప్పాడు. బడి పోయిందనుకున్నాను. ఆమె మేకు దగ్గరికి పోయి సంచి తీసి నా భుజానికి వేసింది. "సగం సదువుకే ఇంటికి తాళమేయించినవ్. ఇగ సగంల ఆపితె మేం బతకం. నడువ్."

ఇప్పుడు ఆ గుట్టల చోటే ఏడో అంతస్తులో ఉంటున్నాను. మనవరాలు కుక్క చెవుల్లో పిడుదులు వెతుకుతుంటే, ఎనభై ఆరేళ్ళ నేను, ఆ చదువంతా చదివినదాన్ని, "కీడు పోయిందా?" అనే అడుగుతాను.

ఆ వారం పోయినవి: రెండు కోళ్ళు, ఒక కుండ, ఒక తెల్ల పావడా, ఆరు రోజుల బడి. గుర్రం పోలేదు.