గుట్టకు భయపడిన మా అత్త

మా అత్త పోయిందన్న కబురు నాకు తిరుచానూరులో, పుట్టింట్లో అందింది. అమ్మకు ఒంట్లో బాగాలేదంటే వచ్చి ఉన్నాను. మా ఆయన పాకాల నుంచి రైల్లో వచ్చి, గడపలోనే నిలబడి, "చలిజ్వరం వచ్చి అమ్మ పోయింది" అన్నారు. ఏడుపు తరవాత వచ్చింది. ముందు వచ్చింది భయం. బయట మబ్బు పట్టి ఉంది. ఇక మా గుట్టను ఎవరు చూసుకుంటారు అనుకున్నాను.

ఆమె ధైర్యవంతురాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఉరుమంటే భయం, పామంటే భయం. కొడుకు రైల్వేలో పని చేస్తున్నా, పట్టాలు దాటాలంటే నా కొంగు పట్టుకునేది. అన్నిటికన్నా ఎక్కువ భయం మా ఇంటి వెనక గుట్టంటే.

దానికి కారణం ఉంది. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచాయి. ఆ బొగ్గు కోసం గుట్ట మీది చెట్లన్నీ కొట్టేశారు. మిగిలిన పొదలను వంటచెరకుకు మేమే నరుక్కున్నాం. ఆ మరుసటి కార్తీకంలో ముసురు పట్టి, మట్టీ రాళ్లూ కలిసి ఊరి మీదికి దిగాయి. వీధి చివరి ఇల్లు కూలి, అందులో ఉన్న ఒక ముసలాయన బురద కింద పోయాడు. ఆయనను తవ్వి తీస్తుంటే మా అత్త చూసింది. అప్పటి నుంచి మబ్బు కమ్మితే ఆమెకు ముద్ద దిగేది కాదు. పెరటి గోడకు అరచెయ్యి ఆనించి నిలబడేది.

"గోడ అదురుతా ఉండాదేమో సూడు పాపా" అనేది. నేనూ చెయ్యి పెట్టేదాన్ని. అదిరేది గోడో నా చెయ్యో తెలిసేది కాదు.

ఊరు విడిచి పోదామన్నాను. "మనం పోతాము. మిగతావాళ్లు యాడికి పోతారు?" అంది. గుట్ట వైపు చూసి, "గుట్టకు ఒంటి మీద బట్ట లేకుండా చేసినాము. మళ్లా మనమే కట్టాల" అంది.

పొలం గట్ల మీదా, పక్క గుట్టల్లోనూ తిరిగి వేరు లోతుకు దిగే వెంపలి, తంగేడు మొక్కల గింజలు, ఇంటికప్పులకు వేసే బోదగడ్డి విత్తనం ఏరుకొచ్చింది. మొదటిసారి గుట్ట మీద ఊరికే చల్లింది. సగం చీమలు మోసుకుపోయాయి, సగం వాన కొట్టుకుపోయింది. ముందు మొలిపించి, వేరు పట్టాకే నాటాలని అప్పుడు అర్థమైంది.

ఊరి బయట పాత బంగళాలో, దొర ఒకాయన పూలకుండీల కోసం కట్టించుకున్న అద్దాల గది ఉండేది. దొర వెళ్లిపోయాక అందులో ఎవరూ అడుగు పెట్టలేదు. కాపలా ఆయన తాళంచెవి ఇస్తూ, "లోపల పాములుండాయి అక్కా, ఇంక నీ ఇష్టం" అన్నాడు. తలుపు తీయగానే ఎదురుగా కుబుసం వేలాడుతోంది. నేను వెనక్కి పరిగెత్తాను. అత్త గడపలోనే నిలబడి చప్పట్లు కొట్టింది. "మేము వస్తా ఉండామప్పా, నువ్వు ఆ పక్కకు పో" అని లోపలి పాముకు గట్టిగా చెప్పింది. ఆనాటి నుంచి ఏ రోజూ చప్పట్లు కొట్టకుండా లోపలికి వెళ్లలేదు.

గింజలను వేడినీళ్లలో నానబెట్టేది. మోదుగాకు దొప్పల్లో మన్ను నింపి విత్తేది. ఎండకు మొలకలు మాడకుండా అద్దాలకు సున్నం పూసింది. తొలి వానలకు ఆ దొప్పలను గంపల్లో పెట్టుకుని మేమిద్దరం గుట్ట ఎక్కాం. కాలి కింద రాళ్లు జారుతుంటే ఆమె చేతులు నేలకు ఆనించి పాకింది. "కిందికి సూడొద్దు పాపా. చెయ్యి పెట్టే చోటు సూడు" అని నాకు చెప్పేది. తాను మాత్రం మధ్యమధ్య కిందికి చూసి కళ్లు మూసుకునేది.

మేకలు తోలుకొచ్చినాయన ఒకరోజు నవ్వాడు. "పూలచెట్లకు గుట్ట ఆగుతుందా అవ్వా?"

"ఆగుతుందో లేదో నాకేం తెలుసు నాయనా. నాటకుంటే ఇంట్లో కూచోలేను. ఈ వానలు పోయేదాకా మేకల్ని అటు పక్క మేపుకో" అంది. ఆయన నవ్వు ఆపి మేకల్ని మళ్లించాడు.

అలా మూడు వానకాలాలు నాటాం. మూడో ఏడు, నాకు పాప పుట్టాక, కార్తీకంలో మళ్లీ ముసురు పట్టింది. ఓ మధ్యాహ్నం గుట్టలో ఏదో విరిగినట్టు చప్పుడైంది. "బిడ్డను ఎత్తుకోని స్టేషన్ కాడికి పో" అని అత్త కేకేసింది. నేను వీధిలోకి వచ్చి, ఆమె రావడం లేదని చూసి, పాపను చంకన వేసుకుని తిరిగి పెరట్లోకి పోయాను. గుట్ట అవతలి పక్క, మేము ఇంకా నాటని బోడి భాగం, మొత్తం ఒక్కసారిగా జారి చేలల్లోకి పోయింది. అక్కడ మనుషులెవరూ లేరు. మా పక్క కొన్ని రాళ్లు పొదల్లోంచి దొర్లుకొచ్చాయి. బురద పెరటి గోడ దాకా వచ్చి ఆగింది. అత్త బురదలోనే కూలబడి నా మడమ పట్టుకుంది.

వీధి వీధంతా వచ్చి ఆమెకు దండం పెడితే ముడుచుకుపోయింది. "చెట్ల వల్లనో, దేవుడి దయో. నన్నేమీ అడగొద్దండి. ఆ పక్క ఇంకా నాటాల" అంది. పోయేదాకా ఆ పక్కే నాటుతూ ఉంది.

కర్మకాండ ముగిసిన మర్నాడు మళ్లీ మబ్బు పట్టింది. ఇంట్లో నిలవలేక ఒక్కదాన్నే గుట్ట ఎక్కాను. తంగేడు పసుపుపచ్చగా పూసి ఉంది. దాని కింద ఊదారంగు పూలతో వెంపలి, గాలికి ఒరిగిన బోదగడ్డి. దూరంగా ఉరిమింది. వెంపలి మొక్కనొకదాన్ని మొదలు దగ్గర రెండు చేతులా పట్టుకుని, బలమంతా పెట్టి లాగాను. అరచేతులు మండాయి. మొక్క కదల్లేదు.